మన పాటల్లో మాటలు

సామ్యూల్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. శనివారం మన హెవీ మెటల్ రాక్ బ్యాండ్ మళ్లీ స్టేజీ ఎక్కుతోంది. ఈసారి నీ బదులు నేనే పాడుతున్నాను.

బోయిగూడలో మన ప్రాక్టీసు గదిలో ఇన్నేళ్లు నీ పక్కనే గిటార్ వాయించానా, నువ్వు అరిచే పాటల్లో ఒక్క మాట కూడా నాకు రాదని నువ్వు పోయాకే తెలిసింది. ఆ హోరులో మాటలెవరికి కావాలి అనుకున్నాం. నువ్వు ఎక్కడా రాసిపెట్టలేదు. మనం రికార్డు చేసుకున్న క్యాసెట్ ఎంత విన్నా ఏమీ అందలేదు.

చివరికి దాన్ని పట్టుకుని మీ అమ్మ దగ్గరికి వెళ్లాను. చర్చిలో పాటలు పాడే మనిషి, తిడుతుందేమో అనుకున్నాను. ఆవిడ కళ్లు మూసుకుని విని, మాటలన్నీ వరసగా చెప్పేసింది.

"రోజూ బాత్రూంల గివే అరుస్తుండె. నాకు రాకుంటే ఎవరికొస్తయ్?"

నిన్న మన గదికే వచ్చి, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. నేను మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపింది.

"గొంతుల నుంచి కాదు బిడ్డా, కడుపుల నుంచి రావాలె. మళ్ల షురూ చెయ్."

గొంతు బొంగురుపోయినా ఆపలేదు. కడుపులోంచి వచ్చేదాకా మళ్లీ మళ్లీ అరిచాను. చీకటి పడే వేళకి మీ అమ్మ చెవుల్లోంచి దూది తీసేసి, కళ్లు మూసుకుని వింది.