పన్నెండున్నర గంటల తేడా

26-9-2004, ఆదివారం
కాకినాడ నుంచి లాప్‌టాప్ వచ్చింది. మెమరీ పెంచి, కొత్త సిస్టం ఎక్కించాడు బాబ్జీ. "పాతదే గానండి మాస్టారూ, ఇహ పరిగెడుతుందండి." పరిగెడుతోంది. గడియారం మాత్రం పోయింది. తెరవగానే ఏదో పాత సంవత్సరం, జనవరి ఒకటి. రేడియో వార్తల ముందు కూత విని నేనే సరిచేశాను.

27, సోమవారం
పంచాంగం ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాను. ముప్పై ఏళ్ళు తిథులు చేత్తో గుణించినవాణ్ణి. కంటి ఆపరేషన్ తరవాత అంకెలు అలుక్కుపోతున్నాయి. ఇక ఇదే దిక్కు.
అన్నయ్య తద్దినం భాద్రపద బహుళ సప్తమి. వచ్చే సోమవారం అంటోంది. మా ఊరి సిద్ధాంతి అచ్చువేసిన పంచాంగంలో మంగళవారం ఉంది. నవ్వుకున్నాను.

29, బుధవారం
లైబ్రరీలో సిద్ధాంతి తగిలాడు. నలుగురి ముందే అన్నాను, సప్తమి తప్పు వేశారని.
"తద్దినానికి అపరాహ్ణపు తిథే కదండీ, ఆ వేళకి సప్తమి మంగళవారమేనండి. ఇంకోసారి చూసుకోండి మాస్టారూ."
"మీ తాతగారి లెక్కల కోసం చంద్రుడు ఆగడండీ."
అందరూ నవ్వారు. బాగుంది. నా పంచాంగం అచ్చు కాకుండా ప్రెస్సాయన చెవిలో ఊదింది ఇతనే. నా బీరువాలో ఉన్న గ్రంథాల పేర్లయినా చదవలేడు. ద్రాక్షారామం అంతా అతని పుస్తకమే గోడలకు వేలాడుతుంది.

30, గురువారం
పొద్దున్న పదింటికి ఫోన్ తీగ కలిపి ఇంటర్నెట్ పెట్టాను. గడియారం దానంతటదే వెనక్కి దూకింది: నిన్న రాత్రి తొమ్మిదిన్నర. సరిచేశాను.

అక్టోబరు 2, శనివారం
ఇంటర్నెట్ పెడితే మళ్ళీ అంతే. పన్నెండున్నర గంటలు వెనక్కి. అటూ ఇటూ కాదు, ఖచ్చితంగా అంతే. మళ్ళీ సరిచేశాను. బాబ్జీకి ఫోన్ చేశాను... ఎత్తడు.
గోడ గడియారమూ ఇదీ ఒకే టైము చూపిస్తున్నాయి. మరి ఎందుకీ గుబులు.

3, ఆదివారం
ఒంటిపూట భోజనం. వదిన మడిబట్టలు ఆరేస్తూ అడిగింది.
"ఏవయ్యా, రేపే కదా? సిద్ధాంతిగారింట్లో ఎల్లుండి అంటున్నారు."
"లెక్కల మాస్టారు అతనా, నేనా?"
"నువ్వేలే. ఏడాదికి ఒక్క రోజు ఆయనకి. అది తప్పకూడదని."
అన్నయ్యకీ వదినకీ పిల్లలు లేరు. తద్దినం పెట్టేది నేనే. నన్ను కాలేజీకి పంపి, తను చేలో మిగిలిపోయాడు అన్నయ్య.

4, సోమవారం
అయింది. మహాలయ పక్షం, అందరిళ్ళలోనూ తద్దినాలే. భోజనానికి కూర్చునే భోక్తల్ని రామచంద్రపురం నుంచి రప్పించాను, సిద్ధాంతిని అడగకుండా. వదిన మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు. "తృప్తిగా తిన్నారయ్యా మీ అన్నయ్య."
సాయంత్రం బాబ్జీ ఫోన్.
"గడియారం కాదండి మాస్టారూ, ఊరు మార్చాలండి. కొత్త సిస్టం కదా, అమెరికా టైములో ఉండిపోయుంటది. చూడండి."
చూశాను. ఉంది. అమెరికా పడమటి తీరం. పైన అంకెలు మనవి, లోపల ఊరు వాళ్ళది. ప్రోగ్రాం ఊరునే నమ్మి, అక్కడి మధ్యాహ్నానికి తిథి గుణించింది.
ఇండియా పెట్టాను. తిథి మళ్ళీ అడిగాను.
ఇవాళ అపరాహ్ణానికి షష్ఠి. సప్తమి రేపు.
మూడుసార్లు అడిగాను. రేపే.

5, మంగళవారం, ఉదయం
కాఫీ కూడా తాగలేదు. అపరాహ్ణం ఒంటిగంటన్నర నుంచి. టైముంది. భోక్తలు లేరు. రామచంద్రపురం వాళ్ళు ఇవాళ ఇంకెవరింటికో మాటిచ్చారు.
వదినకు చెప్పాలి. ఏమని? నిన్న నువ్వు వండింది ఎవరికీ అందలేదనా?
చెప్పకపోతే... తెలిసింది నాకొక్కడికే. సిద్ధాంతికి కూడా తెలుసు.

పదకొండు
వెళ్ళాను. అరుగు మీదే ఉన్నాడు. ఎత్తిపొడుస్తాడని, దారి పొడుగునా జవాబులు కూర్చుకున్నాను.
"రండి మాస్టారూ. ఇద్దరు భోక్తల్ని ఆపానండి మీకోసం. పొద్దున్నించీ ఎవరింటికీ వెళ్ళనివ్వలేదు."
"ఎందుకూ?"
"మీ అన్నగారు నాక్కూడా తెలుసు కదండీ."
అంతే అన్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఒంటిగంటకు పంపుతాను, వదినగారికి చెప్పి కబురు పెట్టండి అన్నాడు. తలూపాను. దస్తావేజు మీద సంతకం పెట్టినట్టు.

పన్నెండుంబావు
ఇంట్లో. కబురు పెట్టలేదు. వంటింటి గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళాను. వదిన ఏదో పాట కూనిరాగం తీస్తోంది. అన్నయ్య పోయాక ఆ గొంతున పాట వినడం ఇదే.
విస్తరి వేసింది. నీళ్ళు చల్లింది. "రాత్రి కూడా ఏమీ తినలేదు, రావయ్యా."
ఒక్క ముద్ద తింటే ఇవాళ తద్దినం పెట్టడానికి లేదు.
"వస్తున్నా వదినా" అన్నాను.
మళ్ళీ పిలుస్తోంది.