జీపు ఈల ఆగిపోయింది

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. బోరంచ నుంచి చుట్టాలను తీసుకురావాలని ఇవాళ నీ జీపును మెకానిక్‌కు చూపించాను. ఇంజన్‌కు గాలి పోయే గొట్టం మీద క్లిప్పు విరిగితే నువ్వు సైకిల్ ట్యూబు ముక్కతో కట్టావు కదా, అది చూసి నన్ను తిట్టాడు.

"గీ సందులకెళ్లి కంగ్టి తొవ్వ దుమ్మంత లోపలికే పోతుంటది. ఇంజన్ ఖరాబైతది," అంటూ కొత్త క్లిప్పు బిగించాడు. బండి నడిచినంతసేపూ ఆ సందులోంచి వచ్చే ఈల ఆగిపోయింది. నేనూ సంతోషపడ్డాను.

సాయంత్రం ఇంటికొస్తే గడప ముందు చెంబు లేదు. నువ్వు పోయాక కూడా, మలుపులో ఆ ఈల వినగానే వదిన కాళ్లకు నీళ్లు తెచ్చి పెట్టేది. ఎందుకని మేమెవరం అడగలేదు. ఇవాళ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"బండొచ్చింది వదినా."

"గది మన బండి చప్పుడు గాదు," అంది, తల తిప్పకుండా. అన్నం కూడా ముట్టలేదు.

తిట్టకు అన్నా. పొద్దున్నే ఆ క్లిప్పు వదులు చేస్తాను. దుమ్ము లోపలికి పోతే పోనీ.