అయిదు పాత కంప్యూటర్లు, ఒక్క నెట్ లైను

బావా,

ఎలా ఉన్నావని నిన్ను అడగలేను. నువ్వు వెళ్లిపోయి పదకొండు నెలలైంది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అత్తకు మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి... నీ పేరు ఎత్తకుండా మాత్రం ఒక్క పూటా అన్నం తినదు.

ఈ ఉత్తరం గొప్ప చెప్పుకోవడానికే రాస్తున్నాను. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

నీ టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేశాక, ఏదో ఆఫీసువాళ్లు తీసేస్తున్న అయిదు పాత కంప్యూటర్లు ఆటోలో వేసుకొచ్చావు. నిన్ను ఎంత తిట్టానో! ఇంట్లో ఉన్న ఒక్క నెట్ లైనునే అయిదింటికీ ఇస్తానన్నావు. అదెలా కుదురుతుందంటే నవ్వావు.

"ఒక్క బోరుతో అయిదు మళ్లు తడపట్లేదేటే? ఇదీ అంతే. నెమ్మదిగా పారతాది గానీ అన్నిటికీ అందుతాది."

ఒక్కదానికే కలిపావు. మిగతావాటి కోసం వైరు చుట్ట తెచ్చిన వారానికే, గుండెల్లో నొప్పిగా ఉందని కూర్చున్నావు... మళ్లీ లేవలేదు.

పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నాడు మరిది. సరేనన్నాను. ఏం చేసుకోను వాటిని?

ఆ మర్నాడే గౌరి వచ్చింది. మన ఆమదాలవలస బజారులో చేపలమ్మే నూకాలమ్మ కూతురు. "మాస్టారు నేరేటమ్మా?" అని నీ కోసం అడిగింది. నువ్వు పోయిన సంగతి దానికి తెలియదు. కాలేజీ సీటుకు నెట్‌లో దరఖాస్తు పెట్టాలట. స్టేషను దగ్గర నెట్ షాపులో రెండు రోజులు నిలబడినా వంతు రాలేదట.

నువ్వు కలిపిన కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. పని పూర్తవడానికి రెండు గంటలు పట్టింది. వెళ్తూ వెళ్తూ చెప్పింది, వాళ్ల ఊళ్లో ఇంకా నలుగురు ఆడపిల్లలున్నారని. వాళ్ల సర్టిఫికెట్లు చేతికొచ్చేసరికి గడువు ఆఖరి రోజు అవుతుందని.

ఒక్క కంప్యూటరుతో ఒక్క రోజులో నలుగురికి ఎలా?

మరిదికి వద్దని చెప్పేశాను. నీ నోటుపుస్తకం తీశాను. వైరులో ఎనిమిది సన్నని తీగలు, ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో నీ గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. ఆ అక్షరాలు చూసి కాసేపు ఏడ్చి, తర్వాత పని మొదలెట్టాను. వైరు చివర బిగించే ప్లగ్గులు మొదటి మూడూ పాడుచేశాను. నాలుగోది పట్టింది బావా!

అన్నీ కలిపాక కొత్త తంటా. ఒకదాంట్లో నెట్ వస్తే ఇంకోదాంట్లో పోయేది. రెండు రోజులు వైర్లన్నీ ఊడదీసి మళ్లీ బిగించాను. చివరికి నీ పుస్తకంలోనే దొరికింది: "నెట్‌లో ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరుంటుంది. రెండింటికీ ఒకే నంబరు ఇవ్వకూడదు." నేను చేసింది సరిగ్గా అదే. నంబరు మార్చగానే రెండింట్లోనూ ఒకేసారి నెట్ వచ్చింది. పదో తరగతి దగ్గర ఆగిపోయినదాన్ని... అరిచిన అరుపుకి అత్త కర్ర పట్టుకుని పరుగున వచ్చింది.

ఆఖరి రోజున నలుగురూ పక్కపక్కన కూర్చున్నారు. పేజీ తెరుచుకోవడానికి ఎంతసేపో! మధ్యాహ్నం మూడు గంటలకు చివరి పిల్ల తన దరఖాస్తూ వెళ్లిపోయిందని చేతులు పైకెత్తింది.

గుమ్మంలో గంప దించి నిలబడ్డ నూకాలమ్మ అంది కదా, "మాస్టారు నేకపోతే ఏటి, మాస్టారమ్మ ఉన్నాది!"

ఆ మాట నువ్వు విని ఉంటే?

అయిదుగురికీ సీట్లొచ్చాయి. గౌరికి విజయనగరంలో. ఇప్పుడు ఆదివారాలు దరఖాస్తులు పెట్టుకోవడానికొచ్చే పిల్లలతో మన ముందుగదిలో కూర్చోవడానికి చోటుండదు. నీ కంప్యూటర్లు పాతవే, కానీ ఒక్కటీ మొరాయించడం లేదు. నీ చేయి మంచిది.

ఇంకొక్క మాట. దూరవిద్యలో ఇంటర్‌కి నేనూ దరఖాస్తు పెట్టాను. ఫారం నేనే నింపాను, ఎవరినీ అడగలేదు. పాసవుతాను బావా. ఇది నీకిస్తున్న మాట.

నీ
పైడమ్మ