మారేడుమిల్లి దాకా మౌనం

అక్టోబరు 9, గురువారం
కోడలు లక్ష్మి కాఫీతోపాటు ఒక విన్నపం కూడా తెచ్చింది. "అత్తయ్యా, శనివారం మారేడుమిల్లి జలపాతాలకి మీరూ రండి... కాకపోతే కాస్త నోరు..." పూర్తి చేయలేదు పాపం. మర్యాదస్తురాలు.
పేరుకి విహారయాత్ర. అసలు సంగతి మనవరాలి పెళ్లిచూపులు. విజయవాడ నుంచి సందీప్ అనే అబ్బాయి, వాళ్లమ్మ వస్తారట. కిందటి సంబంధం వాళ్లు నా ప్రశ్నలకి జడిసి లేచి వెళ్లిపోయారని నామీద అభియోగం.
సరే అన్నాను. బడెడు పిల్లల నోళ్లు మూయించినదాన్ని, నా ఒక్క నోరెంత.

అక్టోబరు 10
మనవరాలు కీర్తన చీకటిపడ్డాక మామిడితోట నుంచి వచ్చింది. కాళ్లకి మట్టి, మొహంలో వెలుగు. "పెళ్లయినా తోట నేనే చూసుకుంటానని సందీప్‌కి ఫోన్‌లో చెప్పేశా నానమ్మా. సరేనన్నాడు."
పూత మీదే వ్యాపారులకి అమ్మేసే ఊళ్లో, కాయ కోసేదాకా చెట్టు కిందే నిలబడే పిల్ల.
రేపంతా నోరు కట్టుకోవాలని తలుచుకుంటే నిద్ర రావట్లేదు.

అక్టోబరు 11
సందీప్, వాళ్లమ్మ హనుమాన్ జంక్షన్‌లో మా వ్యాన్ ఎక్కారు. గోదారి దాటాం — నేను నోరు విప్పలేదు. కొండదారి, పక్కనే ఏరు, మలుపు మలుపుకీ రాళ్ల మీంచి దూకే నీళ్లు... ఏమడిగినా నవ్వి తలూపడమే. రంపచోడవరం దాటేసరికి వాళ్లమ్మ నా చెవి దగ్గర కేక — "పెద్దమ్మగారూ! నీళ్లు! తాగుతారా!" నాకు చెవుడనుకుంది. లక్ష్మి దిద్దలేదు. నేనూ దిద్దలేదు.
పెద్ద జలపాతం దగ్గర మెట్లు దిగలేక బండ మీద కూర్చున్నా. మావాళ్లు కిందే ఉన్నారు. తల్లీకొడుకులు ముందే పైకొచ్చి నా వెనక నిలబడ్డారు. నీటి హోరుకి ఆవిడ గొంతు పెంచింది.
"ఇప్పుడు ఊఁ అనెయ్‌రా. పెళ్లయ్యాక తోట కౌలుకిప్పించేద్దాం. మనింటి కోడలు ఎండలో మందులు కొట్టిస్తూ తిరుగుతుందా?"
సందీప్ ఏమీ అనలేదు. మొక్కజొన్నపొత్తు తిన్నాడు. పూర్తిగా.
తిరుగుదారిలో ఒక్క జలపాతమూ కంటికి ఆనలేదు.

అక్టోబరు 12, ఆదివారం
వాళ్లకి నచ్చిందట. సాయంత్రంలోగా మన మాట చెప్పాలట. లక్ష్మి అప్పుడే ముహూర్తాల్లో ఉంది. నేను వరండాలో అటూ ఇటూ. చెబితే ఇదీ చెడగొట్టింది నేనే. చెప్పకపోతే...

మధ్యాహ్నం
ఆటోలో తోటకెళ్లి చెప్పేశా. కీర్తన కొమ్మ వదిలి నావైపు తిరిగింది.
"అతనేమన్నాడు?"
"ఏమీ అన్లేదు."
"నువ్వూ ఏమీ అన్లేదుగా అక్కడ. అంటే ఒప్పుకున్నట్టా?"
ప్రశ్న వేసింది నన్ను. నన్ను!
"నువ్వెళ్లు నానమ్మా. అతన్నే అడుగుతా" అంటూ ఫోన్ తీసి చెట్ల వరసల్లోకి నడిచింది.

సాయంత్రం
లక్ష్మికీ చెప్పేశా. ఏ బండి చప్పుడైనా లేస్తున్నా. లక్ష్మి ఫోన్ మోగుతోంది — సందీప్ వాళ్లమ్మే. "ఏం చెప్పమంటారత్తయ్యా?"
గేటు దగ్గర కీర్తన స్కూటీ ఆగింది. దిగట్లేదు. హెల్మెట్ కూడా తీయకుండా, లక్ష్మి చేతిలో మోగుతున్న ఫోన్ చూసి అడ్డంగా తలూపింది...