అడగాల్సింది కృతి, నేను కాదు

సెప్టెంబర్ 6, శనివారం. ఉదయం 8:10

మా అమ్మాయి కృతికి జీడిపప్పు, పిస్తా పడవు. మూడేళ్లప్పుడు ఒక చెంచా పాయసం తింది. పెదవులు వాచాయి, ఊపిరి అందలేదు. అంబులెన్స్ ఏడు నిమిషాల్లో వచ్చింది. అప్పటి నుంచి ఏడేళ్లుగా దాని నోట్లోకి వెళ్లే ప్రతి పదార్థం గురించీ ముందు నేను అడుగుతాను. మొత్తం పదకొండు ప్రశ్నలు. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్.

నిన్న అలర్జీ డాక్టర్ చెప్పింది. "పదేళ్లు వచ్చాయి. ఇక తనే అడగాలి. కాలేజీకి మీరూ వెళ్తారా?"

వెళ్లొచ్చా అని అడగబోయాను. నా భార్య విజయశ్రీ నా కాలు తొక్కింది.

20న కృతి స్నేహితురాలు నిధి పుట్టినరోజు, వాళ్ళింట్లో. పిల్లల్ని దింపి పెద్దవాళ్లు వెళ్లిపోవాలి. నేను ఇంతవరకు ఏ పార్టీ నుంచీ వెళ్లిపోలేదు.

"నాన్నా, ప్లీజ్, నువ్వు ఉండొద్దు. లాస్ట్ టైమ్ పిల్లలు గెంతే బౌన్స్ హౌస్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నావ్. ఎవ్రీబడీ చూశారు."

ఒప్పందం కుదిరింది. ఫ్రిజ్ మీద, విజయశ్రీ చేతిరాతతో:

ఒకటి: రెండు వారాలు ఎక్కడ తిన్నా కృతే అడుగుతుంది. నాన్న అడగడు.
రెండు: కృతి ఒక్కసారి మర్చిపోయినా నాన్న పార్టీలో ఉంటాడు.
మూడు: నాన్న మూడుసార్లు తప్పితే రెండో నంబరు రద్దు. దింపి వెళ్లిపోతాడు.

సంతకం పెట్టాను. పద్నాలుగు రోజులు నోరు మూసుకోవడం ఎంత పని!

సెప్టెంబర్ 7, ఆదివారం. మధ్యాహ్నం 1:30

గుడి క్యాంటీన్. కట్టె పొంగలి. కృతి వడ్డించే ఆయన్ని అడిగింది. "అంకుల్, ఇందులో క్యాషూ ఉందా?"

"ఉందమ్మా, బోలెడంత వేశాం!"

పెరుగన్నం తీసుకుంది. దాని గురించీ అడిగింది. నేను ఒక్క మాట అనలేదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

ఇంత సులభమా! ఏడేళ్లు ఎందుకు వృథా చేశాను?

సెప్టెంబర్ 9, మంగళవారం

మూడు పూటలూ ఇంట్లోనే. తప్పులు సున్నా. ఇంట్లో తిన్నది కూడా లెక్కే అని నా వాదన.

సెప్టెంబర్ 11, గురువారం. సాయంత్రం 6:40

ఐస్‌క్రీమ్ షాపు. కృతి వెనిల్లా గురించి అడిగింది. ఐస్‌క్రీమ్ తీసే స్కూప్ గురించి అడగలేదు. అదే స్కూప్ అంతకుముందు పిస్తా డబ్బాలో ఉండటం నేను చూశాను.

దగ్గాను.

"స్కూప్ మార్చమని చెప్పబోతున్నా నాన్నా! ఆయన ఇంకా చేతికే తీసుకోలేదు."

"ఊరికే దగ్గొచ్చిందమ్మా. రాగ్‌వీడ్ పుప్పొడి సీజన్ కదా."

"మూడుసార్లు వరసగానా?" అంది విజయశ్రీ.

ఈ వారం టెక్సస్‌లో పుప్పొడి ఎక్కువగా ఉన్నమాట నిజం. వాతావరణం పేజీ తెరిచి చూపించాను. ఫ్రిజ్ మీద నా తప్పుల కింద ఒక గీత పడింది.

సెప్టెంబర్ 13, శనివారం. రాత్రి 8:00

ఎదురింటి వీరభద్రరావు గారింట్లో భోజనాలు. ఆరింటికి రమ్మన్నారు. కుర్చీలు సర్దడానికని నాలుగున్నరకే వెళ్లాను. కుర్చీలు ఎనిమిది. సర్దడానికి ఆరు నిమిషాలు పట్టింది. మిగతా సమయం వంటింట్లో ఉన్నాను.

నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. ఖాళీ ప్యాకెట్ల వెనక ఏం రాసుందో చదివాను. చదవడం అడగడం కాదు.

"ఆ ప్యాకెట్లు ఎక్కడున్నాయి?" అంది విజయశ్రీ.

"వంటింట్లో."

"వంటింట్లో ఎక్కడ?"

"ఒక బుట్టలో."

"వాళ్ళ చెత్తబుట్టలో చెయ్యి పెట్టావా దామూ?"

రెండో గీత.

కృతి భోజనానికి ముందు మూడు వంటకాల గురించి అడిగింది. ఒకటి వద్దంది. ఆ జవాబులు నాకు అప్పటికే తెలుసు. మూడూ సరిపోయాయి.

సెప్టెంబర్ 15, సోమవారం. మధ్యాహ్నం 12:20

నిధి వాళ్ళమ్మ శ్రీవిద్య గారికి ఫోన్ చేశాను. నిధికి బహుమతి ఏం కొనాలో కనుక్కోవడానికి. పద్నాలుగు నిమిషాలు మాట్లాడాం. బహుమతి గురించి ఒక నిమిషం.

12:50. ఆమెకి ఒక ఎక్సెల్ షీట్ పంపాను. వరసలు పదకొండు.

3:15. జవాబు వచ్చింది. "దామోదర్ గారూ, మా ఆఫీసులో కూడా ఇంత పెద్ద ఫారం లేదండీ!" అన్నీ నింపింది. కేకు నట్స్ లేని బేకరీ నుంచి. చిప్స్, పండ్లు. పులిహోర శ్రీవిద్య గారి అమ్మ సుబ్బులు గారు చేస్తారు, పల్లీలే, జీడిపప్పు లేదు. అన్ని వరసలూ ఆకుపచ్చ. ప్రాణం కుదుటపడింది.

సెప్టెంబర్ 16, మంగళవారం. సాయంత్రం 4:30

శ్రీవిద్య గారు నిధికి చెప్పింది. నిధి స్కూల్లో కృతికి చెప్పింది. కృతి బస్సు దిగి తిన్నగా నా గదిలోకి వచ్చింది. నేను మీటింగ్‌లో ఉన్నాను. కెమెరా ఆన్‌లో ఉంది.

"నాన్నా, షీట్ పంపావా? నేను అడగడానికి ఇంకేం మిగిల్చావ్?"

"నీకు హెల్ప్ అవుతుందని..."

"ఇట్స్ నాట్ హెల్ప్. నేను అడగలేనని అందరికీ చెప్పడం అది!"

తలుపు గట్టిగా పడింది. మీటింగ్‌లో పన్నెండు మంది ఉన్నారు. కెమెరా ఆపేశాను.

మూడో గీత కృతే పెట్టింది. ఒప్పందం ప్రకారం నేను దింపి వెళ్లిపోవాలి.

సెప్టెంబర్ 20, శనివారం

1:58. కృతిని నిధి ఇంటి ముందు దింపాను. బహుమతి ఒక చేతిలో, అలర్జీ ఇంజెక్షన్ పెన్నుల సంచీ భుజాన. వెనక్కి తిరిగి చూడలేదు. తను. నేను చూశాను.

2:06. రెండు వీధుల అవతల పార్క్ దగ్గర ఆపాను. వెళ్లిపోతానన్నాను, ఎంత దూరమో చెప్పలేదు. ఇక్కడి నుంచి ఆ ఇంటికి నాలుగు నిమిషాలు.

2:40. ఎక్సెల్ షీట్ మళ్లీ చూశాను. అన్నీ ఆకుపచ్చే.

3:10. ఇక ఉండలేకపోయాను. ఇంకో పెన్ను ఇచ్చి వస్తానని బెల్ కొట్టాను. తలుపు తీసింది సుబ్బులు గారు. రాజమండ్రి నుంచి వచ్చి నెల కాలేదు. చేతిలో గరిటె ఉంది, ముఖం పాలిపోయి ఉంది.

"నువ్వు కృతి నాన్నవా బాబూ? మీ అమ్మాయి నన్ను పట్టేసింది."

"ఏమైందండీ?"

"పుట్టినరోజు పులిహోర కదా, చెయ్యి ఊరుకోక పోపులో నాలుగు జీడిపప్పులు వేశాను. తర్వాత గుర్తొచ్చి మళ్లీ అన్నీ ఏరేశాను. ఒక్కటి లేకుండా ఏరేశాను బాబూ! ఇందులో జీడిపప్పు ఉందా అమ్మమ్మా అని అడిగింది. లేదమ్మా, ఏరేశాను అన్నాను. ఏరేశారంటే వేశారన్నమాట కదా అంది. పళ్లెం కింద పెట్టేసింది. చేతులు కడుక్కుని వచ్చింది."

గుమ్మంలోనే ఫోన్ తీసి చూశాను.

షీట్‌లో ఏడో వరస: పులిహోర, జీడిపప్పు లేదు. సోమవారం అది నిజం. శనివారం పొద్దున కాదు. పార్టీలో నేనుండి, కృతి వచ్చి నన్ను అడిగి ఉంటే, నేను షీట్ చూసి తినమనేవాణ్ణి.

కృతి వచ్చింది. మూతి నిండా కేకు క్రీమ్.

"నాన్నా, వై ఆర్ యూ హియర్?"

"పెన్ను ఇంకోటి ఇద్దామని."

"రెండున్నాయి. ఐ యామ్ ఫైన్. వెళ్లు, పినాటా బొమ్మ పగలగొట్టే టైమ్."

"తిడతావా నన్ను బాబూ?" అంది సుబ్బులు గారు.

"లేదండీ," అన్నాను. చెయ్యి ఊరుకోనివాణ్ణి నేనూ.

3:22. కారు స్టార్ట్ చేశాను. ఇంటికి వెళ్లాను. నిజంగా ఇంటికే. పదకొండు మైళ్లు. విజయశ్రీ నన్ను చూసి టీ పెట్టింది.

సెప్టెంబర్ 21, ఆదివారం. ఉదయం 8:30

కృతి ఫ్రిజ్ మీది పాత కాగితం చింపేసింది. కొత్తది తనే రాసింది, ఇంగ్లీషులో. వచ్చే నెల స్కూల్ క్యాంప్ ఉంది, రెండు రాత్రులు. మళ్లీ రెండు వారాలు. మళ్లీ మొదటి రోజు. ఈసారి నాకు మూడు కాదు, ఒక్క ఛాన్సే. సంతకం పెట్టాను. క్యాంప్ వంటగది ఫోన్ నంబరు నా దగ్గర ఉన్న సంగతి ఇంకా ఎవరికీ తెలియదు.

8:45. ఉప్మా చేశాను. పళ్లెం ముందు పెట్టాను. కృతి చెంచా తీసుకుని ఆగింది.

"నాన్నా, ఇందులో క్యాషూ ఉందా?"

"మనింట్లోనా? ఏడేళ్లుగా ఈ ఇంట్లోకి..."

"ఉందా, లేదా?"

విజయశ్రీ కాఫీ కప్పు వెనక నవ్వు దాచుకుంటోంది.

నేను లేచాను. రవ్వ ప్యాకెట్ తెచ్చి, వెనక ఉన్నదంతా పైనుంచి కిందికి చదివి వినిపించాను.

"లేదు," అన్నాను.

అప్పుడు తింది.