లోపల తెలిసేదానికి సాక్ష్యమేంది

బళ్ళారి,
ఆదివారం

ప్రియమైన అన్నకు,

ప్రభువు పేరట నీ చెల్లెలు రూతు రాసేది. నేనీడ బాగుండా. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎట్లుండాయి? వదిన పులివెందుల నుంచి తిరిగొచ్చిందా? మన జమ్మలమడుగులో వాన పడిందా? ఈడ చినుకు లేదు. చుట్టూ బండకొండలు, పగలంతా సెగ. ఊరు మైసూరు రాష్ట్రంలోకి పోయినాక ఈ కతోలిక్కు సిస్టర్ల బడిలో కన్నడం ఎక్కువైంది, నా తెలుగు క్లాసుకు పిల్లోళ్ళు తక్కువే. అయినా పనికి ఇబ్బంది లేదు, నువ్వు దిగులు పెట్టుకోవద్దు. తిండి మాత్రం పొద్దున సాంబారన్నం, మాపటికి సాంబారన్నం. ప్రొద్దుటూరు చిన్నాయన బట్టల పనిమీద ఇట్ల వస్తే అన్నంలో నంజుకునేదానికి కొంచెం ఊరిబిండి పంపు.

నేను కతోలిక్కుల్లో కలిసిపోతాండానని మన సంఘంలో ఎవరో అంటాండారని రాసినావు. అట్లాంటిదేం లేదు. వీళ్ళ మీద నాకే అనుమానం శానా. వచ్చిన వారానికే సిస్టర్లు గాలొచ్చే గది ఇచ్చినారు. ఊరికే ఎవరిస్తారు? నా బైబిలు ట్రంకులో పెట్టి తాళమేసుకున్నా. ఈడి ఫాదరు గుంటూరు తట్టు మనిషి, మాట మెత్తన. ఆ మెత్తదనమే నాకు గుబులు.

ఒకరోజు వరండాలో కనపడి అడిగినాడు, “దేవుడున్నాడని మీకెలా తెలుసు, రూతమ్మగారూ?”

నువ్వు ఆదివారాలు మన సంఘంలో బోధించేదే చెప్పినా. “అమ్మను అమ్మ అని తెలుసుకునేదానికి సాక్ష్యం కావల్నా? దేవుడే లోపల తెలిసేట్ల చేస్తాడు.”

“మంచిమాటే. కానీ బుద్ధి కూడా ఆయనిచ్చిందే కదా. లోకాన్ని చూసి, దీన్ని చేసినవాడు ఉన్నాడని బుద్ధితోనే తెలుసుకోవచ్చు. ఆయన చెప్పినవి నమ్మడం ఆ తర్వాత.”

“పాపంలో పడిన మనిషికి బుద్ధి కూడా చెడింది. చెడినదాన్ని నమ్ముకోని దేవుని కాడికి ఎట్ల పోతాం?”

“పూర్తిగా చెడిపోతే మీరూ నేనూ ఇలా మాట్లాడుకోలేం కదమ్మా. సరే, లోపల తెలిసిందంటూ రేపు ఇంకెవరో వచ్చి ఇంకేదో చెబితే, మీరేం చేస్తారు?”

ఇది వల అనుకున్నా. పుస్తకాలు దిద్దేదుందని చెప్పి వచ్చేసినా.

ఆ తర్వాత స్టేషను అవతల మైదానంలో ఒక బోధకుడు డేరా వేసినాడు. కతోలిక్కు కాదు, మనోడే, మన పాటలే. ఇన్నాళ్ళకు అవి వింటే ప్రాణం లేచొచ్చింది. అదే సమయంలో నా క్లాసు పాప నాగమ్మకు బోర్డింగులో విషజ్వరమొచ్చింది. డాక్టరు మందిచ్చినాడు, జ్వరం తగ్గుతా వచ్చింది. అంతలో వాళ్ళమ్మ హంపమ్మ వచ్చి, బోధకుడు ప్రార్థన చేస్తాడని పాపను ఇంటికి తీసుకపోయింది. మనసాగక చూసేదానికి పోయినా. పాప ఒళ్ళు కాలిపోతాంది, కండ్లు తెరవడం లేదు. బోధకుడు ఆడనే కూర్చోనుండాడు. సీసాలో మందంతా వాకిట్లో వంపేసినారు.

“మందెందుకు ఆపినారు?” అన్నా.

“ప్రభువు వద్దన్నాడు,” అన్నాడు బోధకుడు.

“ఆయనే అన్నాడని నీకెట్ల తెలుసు?”

“లోపల తెలుస్తాంది. నీకు విశ్వాసం లేదు, అందుకే అడుగుతాండావు.”

అన్నా, అది నా మాటే. పాప మూలిగింది. అప్పుడు అడిగినా, “బైబిల్లో పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే గదా. పౌలు ఆయన్ను మందులు పారేసి రమ్మన్నాడా?”

ఆయన పాట ఎత్తుకున్నాడు. హంపమ్మ నా తట్టు తిరిగి, “టీచరమ్మా, నీకు లోపల ఏం తెలుస్తాంది?” అనింది.

“నాకేం తెలీదు. మందు తాగినప్పుడు జ్వరం తగ్గింది, ఆపినాక పెరిగింది. అది నువ్వూ చూసినావు, నేనూ చూసినా.”

ఆమె పాపను దుప్పట్లో చుట్టింది. బోధకుడు శపిస్తా వాకిలికి అడ్డం నిలబడినాడు. ఆయన్ను పక్కకు నెట్టింది నేనే. జట్కాలో ఆస్పత్రికి పోయినాం. పాప శానా దినాలు చావుబతుకుల్లో ఉండి బతికింది. ఇప్పుడు గంజి తాగుతాంది.

ఇంతటితో అయిపోలేదు. సిస్టర్లు ఆస్పత్రిలో పాప దిండు కింద ఒక పునీతుని పతకం పెట్టినారంట, దాంతోనే బతికిందని బడంతా చెప్తాండారు. నాకు ఒళ్ళు మండింది. నేరుగా ఫాదరు కాడికి పోయి, “మీ బుద్ధి ఇప్పుడు యాడ పోయింది?” అని అడిగేసినా.

“దేవుడు చేయలేడని అనను. చేశాడని నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదు,” అన్నాడు. పెద్ద సిస్టరును పిలిపించి ఆ మాటే నా ముందర ఆమెకూ చెప్పినాడు. అప్పట్నుంచి ఆమె నాతో సరిగ్గా మాట్లాడడం లేదు.

ఇది కూడా నన్ను తమలో కలుపుకునేదానికేనేమో అని అనుమానం పోలేదు. గానీ వల వేసేవాడు తన వాళ్ళ ముందర అట్ల తగ్గుతాడా అని కూడా అనిపిస్తాంది.

అమ్మకు, పాస్టరయ్యకు, పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. పిల్లోళ్ళకు ముద్దులు. నన్ను తలుచుకోని దీవించమని అమ్మతో చెప్పు.

అన్నా, లోపల తెలుస్తాదనేది అబద్ధమని నేననడం లేదు. మోకరిస్తే నాకు ఇప్పటికీ తెలుస్తాంది. గానీ ఆ బోధకునికి తెలిసినదానికీ మనకు తెలిసినదానికీ తేడా ఎట్ల కనుక్కునేది? ఇన్నేండ్లు ముందు వరసలో కూర్చోని నీ బోధ విన్నా, ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతాండా, కోపం చేసుకోవద్దు. ప్రార్థన చేసుకో అని మాత్రం రాయొద్దు, అది చేస్తానే ఉండా. నువ్వు చెప్పకపోతే నేను ఫాదరునే అడగాల్సొస్తాది.

నీ చెల్లెలు,
రూతు