టెంటు బండికి లయనెల్ పెట్టిన పరీక్షలు

క్వార్న్, మే 2

బెండిగోలో ఉన్న అన్నయ్య లయనెల్‌కు,

నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం కులాసా. ఉత్తరాన ఎడారిలో పదేళ్లకోసారి నిండే ఐర్ సరస్సు ఈసారి నిండింది, వెళ్లి చూడాలనుంది. రెండు నెలల్లో మళ్లీ ఉప్పుబీడైపోతుందట. నాకు అరవై ఎనిమిది. ఇంకో పదేళ్లు ఆగమని నువ్వైతే అనవుగా?

కారు వెనక తగిలించుకునే టెంటు బండి ఒకటి చూశాను. నలభై ఏళ్లు ట్రైలర్లకు వెల్డింగు చేసినవాడివి, ఏం చూసి కొనాలో చెప్పు.

నీ చెల్లెలు,
బెరిల్

తా.క. పరుపు ఎలా ఉందోనని పడుకుని చూశాను. షాపతను వచ్చి లేపాడు.

బెండిగో, మే 9

చెల్లి బెరిల్‌కు ఆశీస్సులు.

పరుపు చూసి బండి కొనేదాన్ని నిన్నే చూశాను. ముందు కిందికి దూరు. కారుకు తగిలించే ఇనుప కాడ చట్రం కిందుగా వెనకదాకా సాగాలి. ముందు అంచుకే అతికించి ఊరుకుంటే మొదటి గతుకుల రోడ్డుకే ఊడొస్తుంది. అతుకులు చేపపొలుసుల్లా వరసగా ఉండాలి. లప్పలుగా ఉండి పైన దిట్టంగా రంగు పూశారా, ఏదో దాస్తున్నట్టే. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగు. సులువుగా వచ్చేస్తే దుమ్ము కూడా సులువుగానే వస్తుంది. కొత్త కాన్వాసు మొదట్లో కారుతుంది, కంగారుపడకు. మూడుసార్లు తడిపి ఆరబెడితే నూలు ఉబ్బి కుట్ల చిల్లులు పూడుకుంటాయి.

తొందరపడకు.

నీ అన్న,
లయనెల్

తా.క. కిందికి దూరేముందు, మళ్లీ బయటికి లాగే మనిషిని ఒకణ్ణి పక్కన ఉంచుకో.

మే 24

అన్నయ్యా,

దూరాను. ఇద్దరు లాగారు. అతుకులు అచ్చం చేపపొలుసులే. కాగితం చిరిగింది గానీ రాలేదు. కాన్వాసు మూడుసార్లు తడిపాను.

నిన్న పొద్దున టెంటు తెర ఎత్తితే ఆకాశం పైనా ఉంది, కిందా ఉంది. మధ్యలో పెలికాన్ పక్షులు. గాలి లేదు, చప్పుడు లేదు. టీ చల్లారిపోయేదాకా నేను నేలమీద ఉన్నానో మబ్బులో ఉన్నానో తేల్చుకోలేకపోయాను. ఎంత హాయిగా ఉందో!

నీ బెరిల్

తా.క. పెలికాన్లు గురకపెడతాయని నాకెవరూ చెప్పలేదు.

బెండిగో, మే 31

బెరిల్,

క్వార్న్‌లో పెలికాన్లేమిటే? పెరట్లో టెంటు వేసుకుని పగటికలలు కంటున్నావా? వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. బండి కొన్నా సరే, అప్పుడే ఎడారి దారి పట్టించకు. చక్రాల మీది స్ప్రింగు పట్టీలను ఒక ఎండాకాలం, ఒక చలికాలం చూసిగానీ నమ్మకూడదు. అంటే ఏడాది.

లయనెల్

తా.క. ఆ ఏడాది పరీక్ష నేను కల్పించిందే. మీ వదిన మార్గరెట్ పోయాక నాకు ఉత్తరం రాసేదానివి నువ్వొక్కదానివే. ఆ ఎడారి దారిలో నీకేమైనా అయితే నా చాదస్తం ఎవరికి చెప్పుకోను?

జూన్ 8

పిచ్చి అన్నయ్యా,

కవరు మీద సరస్సు దగ్గరి మారీ ఊరి ముద్ర చూసే ఉంటావనుకున్నాను! బండి మే పదిహేనునే కొన్నాను. మూడు వారాలుగా సరస్సు ఒడ్డునే ఉన్నాను. నీ ఉత్తరాలు పక్కింటి మావిస్ ఇక్కడికి పంపుతోంది. నాలుగు వందల కిలోమీటర్లొచ్చినా కాడ వంగలేదు, అతుకు విడలేదు. నీ మాట విన్నాను కాబట్టే క్షేమంగా చేరాను.

ఒక్క పరీక్షలో మాత్రం బండి తప్పింది. ఇంత నీళ్లు చూసి నేను "అబ్బా!" అంటే, పక్కనుంచి "ఊఁ" అనే మనిషి లేడు. ఆ లోటు వెల్డింగుతో పోయేది కాదు. వచ్చెయ్.

నీ చెల్లి,
బెరిల్

తా.క. నీళ్లు మోకాలిలోతుకు దిగాయి. ఏడాది ఆలోచించకు.